రాహుకాలంలో వచ్చిన అప్‌డేట్

దయ్యాలు, శకునాలు నా లెక్కలో ఎన్నడూ లేవు. ముప్పై ఒక్క ఏళ్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. ఏది జరిగినా టైము రాసుకోవడం నా అలవాటు. ఇదీ రాసుకున్నది చూసే చెబుతున్నాను.

మాది హిందూపురం. ధర్మవరంలో నారాయణప్ప అనే ఆయన పట్టుచీరల దుకాణంలో ఒక లినక్స్ సర్వర్ ఉంది. దాని బాగోగులు నావి. డిజైనర్ సరోజ పదకొండేళ్లుగా గీసిన చీర అంచులన్నీ అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు. అది నా తప్పే.

వైరస్‌లను పట్టే ప్రోగ్రాం రోజూ కొత్త వైరస్‌ల జాబితా తెచ్చుకోవాలి. ఏ పని ఏ టైముకు జరగాలో సర్వర్‌కు రాసిపెట్టే పట్టికను క్రాన్ అంటారు. అందులో రోజూ పదకొండుకు అని రాశాను. నారాయణప్ప ఒప్పుకోలేదు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం కదమ్మా! కొత్తది ఏదీ లోపలికి రాకూడదు."

"వచ్చేది జాబితా కదప్పా, కొత్త కోడలు కాదు," అన్నాను. వినలేదు. శుక్రవారానికి మాత్రం పన్నెండుంబావు పెట్టాను.

ఒక శుక్రవారం నేను ధర్మవరం రైల్లో ఉన్నాను. పెనుకొండ దాటాక సరోజ ఫోన్ చేసింది. టైము 11:42.

"యాడుండావు పెద్దమ్మా? బేరానికొచ్చినాయన పెన్‌డ్రైవ్‌లో ఫైలు సర్వర్‌లో వేస్తే ఎర్రగా ఏమో వస్తాండాది. నా డిజైన్లు పోయినాయా?"

ఏమీ ముట్టుకోవద్దన్నాను.

వెళ్లి చూస్తే డిజైన్లన్నీ క్షేమం. ఫైళ్లను తెరవనీయకుండా చేసే వైరస్ అది. ప్రోగ్రాం దాన్ని పట్టి పక్కన పడేసింది. కానీ ఆ వైరస్ పేరు జాబితాలో చేరిందే ఆ ఉదయం. గురువారం తెచ్చుకున్న జాబితాలో అది లేదు.

సర్వర్ తను చేసిన ప్రతి పనినీ టైముతో రాసుకునే లాగ్ చూశాను. కొత్త జాబితా 11:05కు వచ్చింది. ఆ టైముకు క్రాన్‌లో లైనే లేదు. అప్‌డేట్లు తెప్పించే లాగిన్‌లోకి ఎవరూ రాలేదు. దాని పాస్‌వర్డ్ తెలిసింది నాకొక్కదానికే, అప్పటికి నా రైలు పెనుకొండ స్టేషన్లో ఆగి ఉంది. సర్వర్ గడియారం సెకనుతో సహా సరిగ్గా ఉంది. పన్నెండుంబావుకు మామూలు లైను నడిచి, కొత్తదేమీ లేదని రాసింది.

నారాయణప్ప నవ్వాడు. "ఏమ్మా, రాహువుకి కూడా నీ పాస్‌వర్డ్ తెలుసునేమో!" కాసేపటికి ఆయనే, "ఆ జాబితా దినానికి నాలుగు తూర్లు పెట్టమ్మా, ఏ కాలమైనా కానీ," అన్నాడు.

ఆ సాయంత్రమే అన్నిటికీ రెండో కాపీ తీశాం. సరోజ ఇప్పుడు లాగ్ చదవడం నేర్చుకుంటోంది. ఆ 11:05 లైను దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఎవరు తెచ్చినారు పెద్దమ్మా?" అని అడుగుతుంది. తెలియదనే చెబుతాను. ఆమె అంచులు ఇప్పుడు మగ్గాల మీద ఉన్నాయి. నేను రుజువుతో చెప్పగలిగింది అంతవరకే.