ఏ వాసనా లేదు

వీధిలో అందరూ అతన్ని ముక్కుమామ అని పిలిచేవారు. ముక్కు పెద్దదని కాదు. ఆ మాటకొస్తే అది మీ ముక్కులాంటిదే, నా ముక్కులాంటిదే. చేపలు పెంచుకునే పాత గాజు తొట్లు కొని, కడిగి, అతుకులు బాగుచేసి మళ్ళీ అమ్మడం అతని పని. కడిగి ఆరబెట్టిన తొట్టిని కొనేవాళ్ళ ఎదురుగా బల్ల మీద పెట్టేవాడు. కళ్ళు మూసుకుని, తల మొత్తం అందులోకి దూర్చి, గట్టిగా గాలి పీల్చేవాడు. తల బయటికి తీసి, "ఏ వాసనా లేదు. చేపల్ని వేసుకోండి" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం జనం కొత్త తొట్లమ్మే దుకాణాన్ని దాటుకుని మరీ అతని రేకుల షెడ్డుకి వచ్చేవారు.

పాత తొట్టి కడగడమంటే అన్నం తిన్న కంచం కడగడం కాదు. అందులో ఉన్న చేపలు ఏ జబ్బుతో చచ్చాయో అమ్మేవాడు నిజం చెప్పడు. అడిగితే, మాకు ఓపిక లేక అమ్మేస్తున్నామంటాడు. అందుకని అడుగున ఉన్న రాళ్ళూ ఇసుకా ఎంత ముచ్చటగా ఉన్నా పారేయాల్సిందే. సబ్బు తగలనివ్వకూడదు. అది అతుకుల్లో దాక్కుని కొత్త చేపల ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్ళు నిలిచిన మేర గాజుకి పట్టిన తెల్లటి గార పోవాలంటే వెనిగర్ పెట్టి రుద్దాలి. జబ్బు తాలూకు క్రిములు చావాలంటే బ్లీచ్ కలిపిన నీళ్ళతో కడగాలి. ఒకటి పూర్తిగా పోయాకే రెండోది ముట్టుకోవాలి. ఆ రెండూ కలిస్తే పుట్టే గాలి మనిషి ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఇదంతా అతనికి కొట్టినపిండి. అయితే వెనిగర్ పోయిందో లేదో, బ్లీచ్ పోయిందో లేదో కంటికి కనపడదు. చెప్పాల్సింది ముక్కే.

ఇంట్లోనూ ఆ ముక్కుదే పెత్తనం. పాలు విరగబోతున్నాయని వంటింటి గడప తొక్కకుండానే చెప్పేవాడు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు భార్య పొయ్యి వెలిగించబోతుంటే, ముందు గదిలోంచి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. గ్యాస్ కారుతోందన్నాడు. ఆమె ఎంత పీల్చి చూసినా ఏమీ తెలియలేదు. బాగుచేసేవాడు వచ్చి, గొట్టం చీలి ఉందని చూపించాడు. ఆ రోజుతో ఆమె తన ముక్కుని నమ్మడం మానేసింది. "మా ఇంట్లో నా ముక్కు ఊపిరి పీల్చుకోవడానికే, పనికొచ్చే ముక్కు ఆయనది" అని ఎదురింట్లో ఉండే అక్కతో నవ్వుతూ అనేది. కూర ఉడికిందో లేదో కూడా ఆయన్నే అడుగుతావా అని అక్క ఆటపట్టించేది. అవును, అడుగుతానని ఈమె గర్వంగా చెప్పేది.

అలాంటి ముక్కు ఒక జ్వరంలో పోయింది. ఊరంతా దగ్గుతూ పడకేసిన కాలంలో అతనూ మంచం పట్టాడు. లేచాక బ్లీచ్ డబ్బా మూత తీస్తే నీళ్ళ డబ్బా తీసినట్టుంది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఎదురుచూశాడు. రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఎందుకని భార్య అడుగుతుంది. భార్యకి చెప్తే ఆమె అక్కకి చెప్తుంది, అక్కకి చెప్తే వీధికి తెలుస్తుంది. ముక్కు లేని ముక్కుమామ దగ్గర పాత తొట్టి ఎవరు కొంటారు? అతని భయం అదే. భయం ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. పరువు కూడా ఉంది. ఇన్నేళ్ళూ జనం ముక్కున వేలేసుకుని చూసిన విద్య అది. అది పోయిందని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

మనిషి తెలివైనవాడే కాబట్టి దారి వెతుక్కున్నాడు. ఇదివరకటికంటే ఎక్కువసార్లు కడిగేవాడు, ఎక్కువ రోజులు ఎండలో ఉంచేవాడు. ఎండే అతని ముక్కు పని చేసిపెట్టేది. కొనేవాళ్ళ ముందు తల దూర్చడం మాత్రం ఆపలేదు. మొదట్లో నిజంగానే పీల్చేవాడు, ఏ మూలనైనా వాసన తగులుతుందేమోనని. పోనుపోను పీల్చడం కూడా దండగనిపించింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కాసేపు లోపల ఉంచి తల తీసేవాడు. చూసేవాళ్ళకి తేడా తెలిసేది కాదు. మొదట్లో సిగ్గేసేది. తర్వాత అదీ పోయింది.

ఆ ఏడాది వానలు పట్టుకున్నాక వదల్లేదు. సరిగ్గా అప్పుడే ఒక పళ్ళ డాక్టరు కొత్త ఆసుపత్రి తెరుస్తూ, రోగులు కూర్చునే గదిలోకి పెద్ద తొట్టి కావాలన్నాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు గోడకేసి చూస్తూ వణకడం కంటే చేపల్ని చూస్తూ కూర్చోవడం మేలని అతని ఆలోచన. ముక్కుమామ దగ్గర అంత పెద్ద తొట్టి ఒకటే ఉంది. అందులో చేపలన్నీ ఒంటి మీద దూదిలాంటి తెల్లటి తెట్టుతో చచ్చాయని అతనికి తెలుసు. దానికి పట్టిన గార కూడా మొండిగార. ఎండ వచ్చేదాకా ఆగమని చెప్పాల్సింది. ఆగితే డాక్టరు కొత్త దుకాణానికి పోతాడేమోనని, ఇచ్చేస్తానని ఒప్పుకున్నాడు.

పెరట్లో వాన కాబట్టి తొట్టిని స్నానాలగదిలోకి చేర్చారు. జల్లు కొడుతోందని కిటికీ మూశారు. నడుం పట్టేసి ఉన్న మొగుడు ఒక్కడే ఏం అవస్థపడతాడని భార్య కొంగు దోపుకుని కూర్చుంది. వానాకాలంలో ఆమెకి కాస్త ఆయాసం వస్తుంది, అయినా ఊరుకునే మనిషి కాదు. నీళ్ళు కలపని వెనిగర్‌తో ఇద్దరూ గార వదిలించారు. రెండు బకెట్లున్నాయి అక్కడ, రెండూ ఒకే రంగువి. ఒకదాంట్లో గుడ్డలు ముంచగా మిగిలిన వెనిగర్, రెండోదాంట్లో మంచినీళ్ళు. చూపుకి రెండూ ఒకటే. వెనకటి ముక్కుమామ అయితే గుమ్మంలోంచే ఏది ఏదో చెప్పేవాడు. ఈ ముక్కుమామ మంచినీళ్ళనుకుని వెనిగర్ బకెట్‌లో బ్లీచ్ వంపాడు. దాన్ని ఎత్తి తొట్టిలో పోశాడు.

తొట్టిలోకి వంగి రుద్దుతున్న ఆమె చటుక్కున మొహం తిప్పుకుంది.

"ఏమండీ, ఇదేదో ఘాటుగా ఉంది. ఎప్పట్లా లేదు. కాస్త చూడండి."

అతను చూశాడు. ఎప్పుడూ చూసినట్టే చూశాడు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, తల తొట్టి మీదికి వంచి, తీశాడు. కొనేవాళ్ళెవరూ లేరక్కడ, ఉన్నది కట్టుకున్న మనిషి. ఆ ఒక్కసారైనా నిజంగా పీల్చి ఉంటే వాసన తెలియకపోయినా గొంతు మండేది. పీల్చలేదు.

"వేరే ఏ వాసనా లేదు. మామూలు బ్లీచే" అన్నాడు.

ఆమె సరేనంది. మళ్ళీ తొట్టిలోకి వంగింది. అప్పుడే షెడ్డులో ఫోను మోగితే అతను వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, జల్లు లోపలికి కొట్టకుండా తలుపు కూడా దగ్గరికి వేశాడు. ఫోనులో పళ్ళ డాక్టరు, తొట్టి ఎంతదాకా వచ్చిందని అడిగాడు. ఎంత బాగా వస్తోందో ముక్కుమామ వివరంగా చెప్పాడు. రేకుల మీద వాన చప్పుడులో దగ్గు వినిపించింది. ఆయాసం దగ్గే అనుకున్నాడు. ఫోను పెట్టేసి వచ్చి తలుపు తీసేసరికి ఆమె గోడకి చేరగిలబడి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

అతని అరుపుకి ఎదురింట్లోంచి వదిన, అదే భార్య అక్క, వానలోనే పరుగెత్తుకొచ్చింది. లోపలికి అడుగు పెడుతూనే ముక్కు మూసుకుని వెనక్కి తగ్గి, బయట్నించి కిటికీ అద్దం చీపురుకర్రతో పగలగొట్టింది. ఇద్దరూ కలిసి ఆమెని వసారాలోకి మోశారు. "ఇంత ఘాటు కొడుతుంటే దాన్ని లోపల ఎలా ఉండనిచ్చారు మరిదిగారూ?" అని వదిన ఏడుస్తూ అడిగింది. అతను ఆటో పిలుస్తానని వీధిలోకి పోయాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక ఆమె కాస్త తేరుకుంది. గండం గడిచిందనే అనుకున్నారు. అక్కడి డాక్టరు మాత్రం ఆ మాట అనలేదు. ఇలాంటి గాలి పీల్చినవాళ్ళకి కొన్ని గంటలు పోయాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందనీ, ఏదీ ఇప్పుడే చెప్పలేననీ అన్నాడు. వదిన మందులకి వెళ్ళింది. అతను మంచం పక్కన కూర్చుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మొహం మీది ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపి, ఆగి ఆగి మాట్లాడింది.

"ముందు నాకు భయమేసింది. మీరు లేదన్నారుగా. నా ముక్కే చెడిందనుకున్నా."

అతను చెప్పేద్దామని నోరు తెరిచాడు. నర్సు వచ్చి, మాస్కు తీయకూడదని కోప్పడి సర్ది వెళ్ళింది. ఇప్పుడు చెప్పి ఈమెని కంగారు పెట్టడమెందుకు, ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాడు. పిరికితనం ఎప్పుడూ ఇలాగే మంచి బట్టలు కట్టుకుని వస్తుంది. తెల్లారేలోపు ఆమె ఊపిరి ఆగిపోయింది.

ఆ తొట్టిని పగలగొట్టి పారేయమని వదిన పట్టుబట్టింది. అతను పారేయలేదు. వేరే పని చేతకాక కొంతా, ఇచ్చిన మాటకి కొంతా, వానలు తెరిపిచ్చాక దాన్ని పెరట్లోకి చేర్చి ఒక్కడే కడిగాడు. కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగాడు. పళ్ళ డాక్టరు పరామర్శకి వచ్చి, తొట్టి సంగతి ఎలా ఎత్తాలో తెలియక నసుగుతుంటే, సిద్ధంగా ఉందని తనే చెప్పి బల్ల మీద పెట్టాడు. వదిన అప్పుడే అతనికి అన్నం క్యారేజీ తెచ్చి షెడ్డులో ఓ మూల సర్దుతోంది.

డాక్టరు ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు, ముక్కుమామ అలవాటు ప్రకారం తల దూరుస్తాడని. అతను దూర్చలేదు. తొట్టి అంచు పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, నాకు వాసన తెలీదండీ. ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ తెలీదు."

డాక్టరు ఆశ్చర్యపోలేదు. ఆ జ్వరంలో చాలామందికి అలాగే పోయిందనీ, తన తమ్ముడికి ఇంకా రాలేదనీ చెప్పాడు. "దానికేముందండీ, నేను చూస్తాగా" అని తనే వంగి తొట్టిలో తల పెట్టి పీల్చాడు. ఏ వాసనా లేదన్నాడు. తొట్టి చాలా బాగా వచ్చిందనీ, తన స్నేహితుడికి కూడా ఒకటి కావాలనీ చెప్పి, మనుషుల్ని పిలవడానికి బయటికి వెళ్ళాడు.

అంతే. ఇన్నాళ్ళూ ఏ మాట చెప్తే కొంప మునుగుతుందనుకున్నాడో, ఆ మాట అలా వచ్చి ఇలా పోయింది.

వదిన క్యారేజీ గిన్నె చేత్తో పట్టుకునే నిలబడి ఉంది. ఎన్నడూ అతన్ని మీరు అని తప్ప పిలవని మనిషి.

"మా చెల్లికి చెప్పావా ఈ మాట?" అంది.

అతను లేదన్నాడు.