బస్తాల వెనక కొలత

మా స్టీఫెన్ మామ కొట్టు సూర్యాపేటలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉంది. ‘క్రికెట్ బ్యాట్లు, గోల్ఫ్ కట్టెలు మనిషికి తగ్గట్టు చేయబడును’ అని బోర్డు. బ్యాట్ల కోసం చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు వస్తారు. బోర్డు మీది గోల్ఫ్ కట్టె బొమ్మ చూసి వచ్చేది మాత్రం ముసలివాళ్లు. అది చేతికర్ర అనుకుంటారు. పెన్‌పహాడ్ నుంచి ఆటోలో పడి వచ్చిన తాతను ఉత్త చేతులతో పంపడం మామకు చేతకాదు. నాలుగడుగులు నడిపించి, మోచెయ్యి ఎంత వంగుతుందో చూసి, కర్ర కోసి, కింద రబ్బరు తొడిగి ఇస్తాడు.

మామ చాలా ఏళ్లు హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడేవాళ్ల సంచులు మోశాడు. తర్వాత అక్కడే కట్టెలు బాగుచేసే గదిలో పని నేర్చుకున్నాడు. మోకాళ్లు మొరాయించాక అత్తమ్మ ఊరు కోదాడకు వచ్చి, సూర్యాపేటలో ఈ కొట్టు పెట్టాడు. మా చుట్టుపక్కల ఎక్కడా గోల్ఫ్ మైదానం లేదు. చేపలు లేని చెరువు పక్కన వల అల్లుకుంటూ కూర్చున్నట్టే మా బతుకు.

కడ్డీ కోయడం, పిడికి టేపు చుట్టడం, బంతిని కొట్టే తలకు గమ్ము పట్టించడం, అది ఆరేదాకా చూస్తూ కూర్చోవడం నా పని. చూస్తూ కూర్చోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. అమ్మ ఆపరేషన్ వల్ల ఇంటర్ మధ్యలో ఇంట్లో ఆగిపోతే, నేను రావట్లేదని కాలేజీ వాళ్లు కనిపెట్టడానికి నెల పట్టిందట. క్లాసులో నా సందడి అంతటిది.

కొట్టు నడవకపోతే వానాకాలం పోయాక షట్టర్ దించేస్తానని మామ చెప్పిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఎందుకంటే అమ్మ అప్పటికే కోదాడలో సువర్ణ మేడమ్ చీరల షోరూంలో నా గురించి మాట్లాడింది. అక్కడ నేను ఒకపూట పనిచేశాను కూడా. ఒకామె చీర ధర అడిగితే, పట్టుచీరల దొంతర వెనక్కి వెళ్లి ఆమె వెళ్లిపోయేదాకా మడతలు సరిచేస్తూ ఉండిపోయాను. సాయంత్రం మేడమ్, "నోరు తెరిస్తే ముత్యాలేమైనా రాలిపోతాయా అమ్మా?" అని అడిగింది. దానికీ జవాబు చెప్పలేదు. ఇక రోజంతా గుమ్మం దగ్గర నిలబడి ‘రండక్కా, రండి’ అనాలంటే అంతకంటే నాట్లకు పోవడం నయం.

కొట్టుకు ఉన్న ఆశంతా మిర్యాలగూడ రైస్‌మిల్లు సుధాకర్ సార్ మీదే. బియ్యం కొనే పెద్దవాళ్లు హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడతారని ఆయన కూడా మొదలుపెట్టాడు. తన కట్టెలు కుదిరితే తోటి ఆటగాళ్ల పని కూడా మామకే ఇప్పిస్తానన్నాడు. కుదరడమే లేదు.

మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మీద కొలత తీసేవాళ్లం. ముఖానికి రాసుకునే పౌడరును మామ కట్టె తలకు పూస్తాడు. బంతి తగిలినచోట మచ్చ పడుతుంది. మచ్చలన్నీ ఒకేచోట పడితే ఆ మనిషి కొట్టే తీరు తెలుస్తుంది, దానికి తగ్గట్టు కడ్డీ పొడవు, తల వంపు మార్చవచ్చు. సుధాకర్ సార్ ముందు హమాలీల వైపు ఒకసారి చూసేవాడు. తర్వాత కట్టెను మెల్లగా తలపైకి ఎత్తి, దించి, మళ్లీ భుజం మీదికి తీసుకుపోయి, ఫొటో తీసేదాకా ఆగినట్టు అలాగే నిలబడేవాడు. నిలబడటం బాగుండేది. బంతి మాత్రం ఊక కుప్పలోకి పోయేది. మచ్చ ఒకసారి కొసన, ఒకసారి మొదట్లో, ఒకసారి పైన పడేది. మామ పొడవు పెంచాడు, తగ్గించాడు, పిడి మార్చాడు. నేను ఊకలో బంతులు వెతికాను. దొరకనివి ఊకతోపాటు బాయిలర్‌లోకి పోయి ఉంటాయి.

చివరికి సార్‌కు విసుగొచ్చింది. "స్టీఫెన్, ఇగ ఒక్కసారి సూస్త. కాకుంటే హైదరాబాద్‌లనే కొనుక్కుంట" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మామను ఆఫీసుగదిలో భోజనానికి కూర్చోబెట్టారు. నేను వడ్ల బస్తాల వెనక టిఫిన్ డబ్బా తెరిచాను. నలుగురి ముందు తినాలంటే నాకు నమలడం కూడా కొత్త పనిలా ఉంటుంది. హమాలీలు కూడా తిండికి పోయారు. సార్ ఫోన్‌లో ఎవరినో తిట్టుకుంటూ ఒక్కడే కల్లం మీదికి వచ్చాడు. ఫోన్ జేబులో పెట్టి, చుట్టూ చూసి, మామ పౌడరు పూసి పక్కన పెట్టిన పాత కట్టె తీసుకున్నాడు.

ఈసారి కట్టె తలపైకి లేవనే లేదు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, పారతో గట్టు చెక్కి మట్టిని పక్కకు విసిరినట్టు నడుము ఎత్తులోనే గుండ్రంగా తిప్పి కొట్టాడు. మిల్లు పెట్టకముందు ఆయనది వ్యవసాయమే. బంతి ఊక కుప్ప దాటి, కల్లం చివరి రేకుల గేటుకు తగిలింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ గేటుకే. ప్రతి దెబ్బకూ ముందు ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకునేవాడు. నేను నోట్లో ముద్ద మింగకుండా కూర్చున్నాను. ఆయన వెళ్లాక కట్టె చూస్తే, పౌడరులో మచ్చలన్నీ ఒకదాని మీద ఒకటి పడి రూపాయి బిళ్లంత ఉన్నాయి.

తిరుగు బస్సులో మామకు చెప్పాను. ఆయన వేళ్ల మీద కొలత లెక్కేసుకున్నాడు. "అట్లయితే కడ్డీ పొట్టిగ జేయాలె, తలను జర పండవెట్టాలె" అన్నాడు. సార్‌తో ఈ సంగతి చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"సూసింది నువ్వు. సాక్షి ఏదంటే నేనేం చెప్తనే?"

కట్టె సరిగ్గా చేస్తే ఇక ఎవరూ మాట్లాడే అవసరం ఉండదని నేను ధైర్యం చెప్పుకున్నాను. నా తెలివి ఎప్పుడూ ఇంతే, నోరు తెరవకుండా ఉండేందుకు దారులు వెతకడంలోనే అయిపోతుంది.

కొత్త కట్టె చూసి సార్ మొహం చిట్లించాడు. "పోరగాల్ల కట్టె తెచ్చినవేంది?" అంటూనే ఎప్పటిలా తలపైకి ఎత్తి కొట్టాడు. కట్టె ముందు నేలకు తగిలింది. బంతి దొర్లుకుంటూ పోయి జానయ్య అనే హమాలీ కాళ్ల దగ్గర ఆగింది. అతను దాన్ని రెండు చేతులతో తీసుకొచ్చి, ప్రసాదంలాగా మళ్లీ సార్ ముందు పెట్టాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ కట్టె కింద పెట్టేశాడు.

మామ పనిముట్లు సంచిలో వేసి జిప్పు లాగడం మొదలుపెట్టాడు. ఆ జిప్పు సాగుతుంటే నాకు చీరల షోరూం అద్దాల తలుపులు తెరుచుకుంటున్నట్టే అనిపించింది. నోరు తెరిచాను. మర మోతలో సగం కలిసిపోతుందిలే అన్న ధైర్యంతోనే తెరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మిల్లు మొత్తం ఆగింది.

"మీరు ఒక్కరే ఉన్నప్పుడు కొట్టినట్టు కొట్టుండ్రి సార్."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. గోడ మీది పావురాలు లేచాయి.

"నువ్వెప్పుడు సూసినవ్?" అన్నాడు సార్.

"మొన్న."

"ఏడికెల్లి?"

"బస్తాల ఎనకకెల్లి."

"బస్తాల ఎనక ఏం చేస్తున్నవ్?"

"అన్నం తింటున్న సార్."

ఇంకేమైనా అడిగితే కూర పేరు కూడా చెప్పేసేదాన్ని. సార్ మొహం ఎర్రబడింది. హమాలీల వైపు, గుమాస్తా వైపు, మామ వైపు చూశాడు. తర్వాత కట్టె మళ్లీ చేతికి తీసుకున్నాడు.

"అందరు అటు తిరుగుండ్రి."

తిరిగాం. అందరం వరసగా ఊక కుప్పకు మొహం పెట్టి నిలబడ్డాం. వెనక టక్కుమంది. కాసేపటికి దూరంగా రేకుల గేటు మోగింది.

"గేటుకు తాకినట్టుంది సేటూ" అన్నాడు జానయ్య, తల తిప్పకుండానే.

"నిన్నడిగిన్నా?"

మళ్లీ టక్కుమంది, మళ్లీ గేటు మోగింది. ఇంతలో కరెంటు వచ్చి మర తిరగడంతో ఇక ఏమీ వినపడలేదు. అయినా తిరిగి చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నా పక్కన మామ ఊక కుప్పను చూసి నవ్వుతున్నాడు.

మిగిలిన కట్టెలన్నీ అలాగే చేయమని సార్ చెప్పాడు. పోయేముందు నన్ను పిలిచి, చూసిన సంగతి ఎక్కడా అనొద్దన్నాడు. అంత సులువైన పని నాకు అంతవరకూ ఎవరూ అప్పగించలేదు.

అన్న మాట ప్రకారం ఆయన తన తోటివాళ్లకు మా నంబరు ఇచ్చాడు. షట్టర్ దించే మాట మామ మళ్లీ ఎత్తలేదు. నాకు మాటలు వచ్చాయి కదా అని ఫోన్ మాత్రం నా చేతిలో పెట్టాడు. మాట్లాడకుండా ఉండే కొలువు కాపాడుకోవడానికి మాట్లాడి, ఇప్పుడు పొద్దున్నించి ‘చెప్పండి సార్’ అంటూ కూర్చుంటున్నాను. కొట్టులో ఒక మూలకు అట్టపెట్టెలు పేర్చి వెనక స్టూలు వేయించుకున్నాను. ఎవరి కొలతైనా ముందు అక్కడి నుంచే చూస్తాను.

మొన్న సువర్ణ మేడమ్ వాళ్ల నాన్నకు చేతికర్ర కోసం వచ్చింది. ఆయన అడుగు వేసినప్పుడల్లా, "నిటారుగా నాన్నా, చక్కగా నడవండి" అంటూ ఉంది. ఆయన పాపం సైనికుడిలా ఛాతీ విరుస్తున్నాడు. మామ కొలత టేపు పట్టుకుని పెట్టెల వైపు చూశాడు.

"మేడమ్, మీరు జర బయట నిలవడుండ్రి" అన్నాను పెట్టెల వెనక నుంచి.

ఆమె ఎవరా అని వెతుక్కుంటూనే బయటికి వెళ్లింది. ముసలాయన చుట్టూ చూసి, హాయిగా నడుము వంచి నడిచాడు.