భద్రమ్మ కలపని నీళ్లు

మోత్కూర్‌లో భద్రమ్మ దగ్గర పాలు పోయించుకునేవాళ్లం ఒక్క విషయంలో ఆమెకు భయపడతాం. పాలు పలుచగా ఉన్నాయని పొరపాటున కూడా అనకూడదు. నేనొకసారి నవ్వులాటకు అన్నాను. వారం రోజులు మా ఇంటికి పాలు బంద్. ఆ తర్వాత తనే వచ్చి, ఏమీ జరగనట్టు గిన్నె నిండా పోసి పోయింది. అలాంటి మనిషి మీద కోపం నిలుపుకోవడం నాకు చేతకాలేదు.

ఆమె భర్త జానయ్య పల్లె నుంచి పాల క్యాన్లను ట్రాలీ బండిలో తెచ్చేవాడు. నిరుడు గుండెజబ్బు చేసింది, బండి తోలొద్దన్నారు డాక్టర్లు. కూతురు మల్లిక స్టీరింగ్ పట్టింది. ఆ పిల్ల బండెక్కితే ముఖం వెలిగిపోయేది. జానయ్యకు మాత్రం నమ్మకం లేదు. ఏదైనా తేడా వస్తే బండి అమ్మేస్తానని రోజూ అనేవాడు.

ఎండలు ముదిరాక మల్లిక తల్లిని ఎక్కించుకుని బండిని మెకానిక్ గిరి షెడ్డుకు తెచ్చింది. గిరి రేడియేటర్ కడిగి, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటు డబ్బా, డిస్టిల్డ్ వాటర్ డబ్బా పక్కపక్కన పెట్టి, సగం సగం కలిపి పోయాలని ఇద్దరికీ చెప్పాడు. ఇంతలో రోడ్డు మీద ఆగిన లారీ కోసం అతను వెళ్లాడు, మల్లిక కొత్త బెల్టు కొనడానికి వెళ్లింది. షెడ్డులో మిగిలింది భద్రమ్మ. పాలల్లో చుక్క నీళ్లు కలపని చెయ్యి అది. బిడ్డ బండికి మాత్రం కల్తీది పోస్తుందా? నీళ్ల డబ్బా ముట్టుకోకుండా, చిక్కటి కూలెంటే నిండా పోసి మూత బిగించింది. తిరిగొచ్చి, నిండిన రేడియేటర్ చూసి, తల్లో కూతురో కలిపే పోశారనుకున్నాడు గిరి.

మర్నాడు పాలతో వస్తుంటే గుట్ట ఎక్కుడులో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి లేచింది. మల్లిక వెంటనే ఆపేసింది. బండిని షెడ్డుకు లాగించేసరికి పాలన్నీ విరిగాయి. నా స్కూటర్ కోసం నేనూ అక్కడే ఉన్నాను. కబురు తెలిసి జానయ్య, భద్రమ్మ వచ్చారు. మల్లిక తండ్రి ముందు తాళంచెవి పెట్టింది.

"నాకు రాదు బాపు. అమ్మెయ్యి."

జానయ్య ముందే చెప్పానన్నట్టు తలూపాడు. ఒళ్లు మండింది నాకు.

ఇంజన్ చల్లబడ్డాక గిరి మూత తీసి, వేలితో తాకి చూశాడు. ఇందులో నీళ్లే లేవన్నాడు. చిక్కగా ఉంటే వేడిని మోయలేదట, మోసేది నీళ్లేనట. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుతుంది కాబట్టే డిస్టిల్డ్ వాటర్ ఇచ్చాడట.

భద్రమ్మ ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసింది.

"బిడ్డనేమనకు. గది పోసింది నేను. నీళ్లు కలపబుద్ధి గాలె."

ఎవరికీ తల వంచని ఆ మనిషి కళ్లు తుడుచుకుంది. గిరి మెల్లగా అన్నాడు, "ముల్లు లేవంగనే ఆపింది మల్లికక్క. లేకుంటే ఇంజనే పోతుండె."

జానయ్య తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"రేపు నల్లగొండ దవాఖానకు పోయేదుంది. బస్సుల పోను. నువ్వే తీస్కపో బిడ్డా."