బోర్లించిన బిందె జెండా

చినతోటపేటలో ఎవరి జెండా ఎగిరినా అది సీతారత్నం కుట్టిందే. ఎన్నికలొస్తే అన్ని పార్టీల వాళ్ళూ ఆమె వసారాలోనే వంతు కోసం కూర్చునేవారు. ఆమె కన్నవారిది ఇచ్ఛాపురం. రంగు గుడ్డలు బొమ్మల్లా కత్తిరించి, ఇంకో గుడ్డ మీద అంచు కనబడకుండా కుట్టే పనిని అక్కడ ఒక ఒడియా ముసలమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకుంది. ఆమె చేప కుడితే పొలుసులు లెక్కపెట్టొచ్చు. కవిటి దాటి సముద్రం వైపు కొబ్బరితోటల్లో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఆ పనే ఆమెకు ఆధారమైంది.

భర్త గున్నయ్య కొబ్బరికాయలు దింపేవాడు. రోజుకు నలభై చెట్లెక్కే మనిషి, 2001లో నాలుగో చెట్టుకే ఆయాసపడ్డాడు. కాళ్ళు వాచాయి. సోంపేటలో రక్తం పరీక్ష చేసి, కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఏడాదిన్నర పాటు విశాఖపట్నం ఆసుపత్రికి తిరిగి తిరిగి, ఒకనాడు వచ్చే దారిలో రైల్లోనే ప్రాణం వదిలాడు. అప్పటికి నలభై మూడేళ్ళు. అదే వీధిలో అంతకు ముందు ఆరుగురు అలాగే పోయారు. కారణమేమిటో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. బోరు నీళ్ళే అని ఊరు నమ్మింది. మంచినీళ్ళ పైపు వేయిస్తానని తిరుమలరావు ఓట్లకోసారి మాట ఇచ్చేవాడు. అతను సర్పంచి కాదు. అతని భార్య దేముడమ్మ సర్పంచి. సంతకం ఆమెది, మాట అతనిది.

1999 తుపానుకు ఊరు సగం కూలిపోతే, జర్మనీలో ఆల్టెన్‌క్వెల్ అనే చిన్న ఊరి జనం చందాలు వేసుకుని ఇక్కడ తుపాను షెల్టరు కట్టించారు. 2005లో ఆ ఊరి నుంచి నలుగురు చూడడానికి వస్తున్నామని ఉత్తరం రాశారు. తమ ఊరి జెండా తెచ్చి షెల్టరులో కడతారట. బదులుగా మన ఊరి జెండా ఇస్తే వాళ్ళ పంచాయతీ హాల్లో వేలాడదీస్తారట.

ఊరికి జెండా ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. షెల్టరు కట్టించిన సంస్థలో పనిచేసే శివాజీని వెంటబెట్టుకుని తిరుమలరావు సీతారత్నం ఇంటికి వచ్చాడు. జెండా కుట్టమని చెప్పి తన పని మీద వెళ్ళిపోయాడు. శివాజీ కూర్చుని, జర్మనీ వాళ్ళు పంపిన క్యాలెండరు తెరిచాడు.

"ఆళ్ళ దేశంలో మన కన్నా సిన్న ఊరికి కూడా జెండా, దాని మీద సొంత డాలు బొమ్మ ఉంతాది పిన్నీ. ఇది సూడు, బాతు. పక్కూరిది తిరగలి రాయి. ఇదిగో, మనకి షెల్టరు కట్టినోళ్ళది."

నిలువుగా వేలాడే నీలం, తెలుపు జెండా. నడుమ డాలు. డాలు మీద ఒక బొక్కెన, దాని కింద మూడు నల్లరాళ్ళు.

"బొక్కెన ఎందుకు?" అని అడిగింది సీతారత్నం.

"ఉత్తరంలో రాసినారు. మూడొందలేళ్ళ కిందట ఆళ్ళ నుయ్యి సెడిపోయి సగం ఊరు సచ్చిపోనాదంట. నూతిని రాళ్ళేసి మూసీసి, కొండ మీద ఊట కాడికెల్లి నీళ్ళు తెచ్చుకున్నారంట. అది మర్సిపోకూడదని జెండా మీద పెట్టుకున్నారు."

సీతారత్నం ఆ బొమ్మ మీద వేలు పెట్టింది. "ఇక్కడైతే దాసేత్తారు" అంది.

తొమ్మిది రోజులు ఆమె వేరే పని ముట్టలేదు. కింద సముద్రం నీలం, పైన కొబ్బరాకు పచ్చ, మధ్యలో పసుపు శాటిన్‌తో ఇత్తడి బిందె. బోర్లించిన బిందె. దాని చుట్టూ ఎర్రదారంతో కుట్లు, కిడ్నీలు పాడై పోయిన మనిషికి ఒకటి చొప్పున. ఇల్లిల్లూ తిరిగి పేర్లు అడిగింది. అరవై రెండు తేలాయి.

తిరుమలరావు వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"ఏటిది? బోర్లించిన బిందేటి? సావింటి గుర్తు."

"సావిల్లే కదా బావా."

"దొరలు వత్తంటే ఊరి పరువు తీత్తావేటి? తెప్ప పెట్టు. పైన సూరీడిని పెట్టు. కింద మా ఇద్దరి పేర్లెయ్యి."

"మీ పేర్లెందుకు? మీ ఇంటికి సోంపేట నుంచి నీళ్ళ క్యాన్లు వత్తన్నాయి. మాకు ఆ బోరే గతి."

"నోరు తగ్గించు. మొగుడు పోయినదానివని ఊరుకుంతన్నాను."

సీతారత్నం చేతిలో కత్తెర ఉంది. అది చేతిలో ఉండడం మంచిది కాదని మిషను మీద పెట్టేసింది.

"నా మొగుడు ఎలా పోనాడో సెప్తాను, ఇను. రైల్లో నా ఒళ్ళో తలెట్టుకుని దాహం, దాహం అన్నాడు. గుక్కెడు కన్నా ఎక్కువియ్యొద్దని డాక్టరు సెప్పినాడు. నానియ్యనేదు. నీళ్ళకే పోయినోడికి ఆకరికి నీళ్ళు దక్కనేదు. నీ పేరు ఈ గుడ్డ మీద నాను కుట్టను."

"నువ్వు కాపోతే ఫ్లెక్సుంది" అని అతను వెళ్ళిపోయాడు.

అన్నట్టే శ్రీకాకుళంలో ఫ్లెక్సు కొట్టించాడు. జర్మనీ వాళ్ళు వచ్చిన రోజు షెల్టరు ముందు ఊరంతా చేరింది. బొక్కెన జెండా కట్టడం అయ్యాక తిరుమలరావు తాడు లాగాడు. ఎనిమిదడుగుల ఎత్తున చేతులు జోడించిన తిరుమలరావు. వెనక సూర్యుడు. మూలన తపాలా బిళ్ళంత దేముడమ్మ.

వచ్చినవాళ్ళలో పెద్దావిడ ఉర్సులా, రిటైరైన పంతులమ్మ. ఫ్లెక్సు కేసి చూసి ఏదో అడిగింది. శివాజీ తిరుమలరావు వైపు తిరిగాడు.

"ఏటంతాది?" అన్నాడు తిరుమలరావు.

"ఈ ఊరు కట్టినాయన ఈయనేనా, ఎప్పుడు పోనారు అనడుగుతాంది."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సీతారత్నానికి నవ్వు రాలేదు. చంకలో మడతపెట్టుకున్న గుడ్డతో నేరుగా ముందుకు నడిచింది. ఆపండని తిరుమలరావు కేకేశాడు. ఇద్దరు మగవాళ్ళు అడ్డం వచ్చారు.

"రానీండి" అంది కుర్చీలోంచి దేముడమ్మ.

"నువ్వు కూకో."

దేముడమ్మ లేచి మైకు అందుకుంది. "సర్పంచిని నాను. మా తమ్ముడిదీ ఒక కుట్టుంది అందులో."

ఆ గొంతు మైకులో ఊరు వినడం అదే మొదటిసారి. అడ్డం వచ్చినవాళ్ళు తప్పుకున్నారు. సీతారత్నం జెండా విప్పింది. ఉర్సులా ఎర్రకుట్లను వేలితో తడిమి, ఇవేమిటని అడిగింది. సీతారత్నం గున్నయ్య పేరుతో మొదలుపెట్టి అరవై రెండు పేర్లూ చెప్పింది. ఎక్కడా తడబడలేదు. అయ్యేవరకూ ఎవరూ కూర్చోలేదు. తిరుమలరావు మాత్రం మధ్యలోనే జీపెక్కి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలకు ఫొటో వచ్చింది. ఆల్టెన్‌క్వెల్ హాలు గోడకు బిందె జెండా. ఊరు మురిసిపోయింది. సీతారత్నం ఆ ఫొటో చూసి శివాజీ చేతికే తిరిగిచ్చేసింది.

"అక్కడ గోడెక్కినాది. ఇక్కడ బోరు మారినాదేటి? నాను ఫొటో కోసం కుట్టినానా?"

ఆ కోపం మీదే రెండో జెండా కుట్టింది. మొదటిదానికి రెండింతలు. ఎర్రకుట్లు అరవై ఏడయ్యాయి. దాన్ని రెండు వెదురుకర్రలకు కట్టి, నలభై మంది ఆడవాళ్ళతో వెళ్ళి మండలాఫీసు గేటు ముందు కూర్చుంది. రెండోరోజు దేముడమ్మ కూడా వచ్చి కింద కూర్చుంది. అధికారి బయటికొచ్చి, ఇలాంటి అశుభం బొమ్మలు ఆఫీసు ముందు పెట్టకూడదు, మడిచేయమన్నాడు.

"నువ్వు నీళ్ళు పంపు బాబూ, మేం మడిసీత్తాం" అంది సీతారత్నం.

ఐదు రోజులు కూర్చున్నారు. ఆరో రోజున ట్యాంకరు వచ్చింది, వారానికి రెండుసార్లని ఒప్పందం. పైపు రావడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది. ఇప్పటికీ కుళాయి రోజు విడిచి రోజు ఒక గంట వస్తుంది, వానాకాలంలో ఎర్రగా వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ సీతారత్నం ఆ నీళ్ళు సీసాలో పట్టుకుని బస్సెక్కి వెళ్ళి, అధికారి బల్ల మీద పెట్టి, తాగమంటుంది. ఇప్పటికి ముగ్గురు అధికారులు మారారు. ఒక్కరూ తాగలేదు.

మొన్న పక్క బెస్తవాడ నుంచి బొడ్డమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె వసారాకి వచ్చారు.

"మా ఊరికీ ఒకటి కుట్టాలి వదినా. మాది తెప్ప మీద బిందె పెట్టు."

సీతారత్నం చాప వేసి కూర్చోబెట్టింది. ఎర్రదారం ఉండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెడతాను. ముందు పోయినోళ్ళ పేర్లు సెప్పండి" అంది.