ఆ 'ట' తీసేసి చెప్పు

ఇవాళ గిన్నెలు తోముతుంటే నిమ్మకాయ సబ్బు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే నాకు కోపం వస్తుంది. అమెరికాలో మేముండే ప్లేనోలోని ఒక రిపేర్ షాపు మీద, దాని కౌంటర్ వెనక నిలబడిన మనిషి మీద, అంతకంటే ఎక్కువగా నా మీద. ఆ కోపం నాకు మిగిల్చి వెళ్లిన సుశీల గారు మా వీధిలోనే, రెండిళ్ల అవతల ఉండేవారు. గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా, ఇక్కడికి వచ్చాక హైస్కూల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు దినపత్రిక డెస్కులో కూర్చుని వచ్చిన నాకు వార్త అంటే ఏమిటో నేర్పింది ఆవిడే.

రిటైరైన ఏడాది ఆవిడ ఒక పాత మోటర్‌హోమ్ కొన్నారు. మంచం, పొయ్యి, సింకు అన్నీ లోపలే ఉండే బస్సులాంటి బండి. ఇద్దరు స్నేహితురాళ్లను ఎక్కించుకుని న్యూ మెక్సికో ఎడారి చూసి రావాలని ఆవిడ ఉబలాటం. బయల్దేరడానికి వారం ముందు బండి ఎడమ పక్కకు ఒరిగింది. "పెనం మీద నూనె అంతా ఒక మూలకే చేరుతోందయ్యా. దోసె సగం మాడుతోంది, సగం పచ్చిగా ఉంటోంది" అని నవ్వుతూ నన్ను షాపుకు తోడు తీసుకెళ్లారు.

కౌంటర్ దగ్గరి మనిషి బయటకు వచ్చి, పది అడుగుల దూరం నుంచి బండిని చూశాడు. ఏ స్ప్రింగు పోయిందో చూపించమని ఆవిడ చక్కటి ఇంగ్లిష్‌లో అడిగారు. అతను నా వైపు తిరిగి జవాబిచ్చాడు. "స్ప్రింగ్స్ ఆర్ గాన్, సర్. మీ మదర్‌ని ఇది డ్రైవ్ చేయనివ్వకండి." ఆవిడ మా అమ్మ కాదు. ప్రశ్న నాది కాదు. అయినా నేను తల ఊపాను. అలా ఊపినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం హెర్న్‌డన్ అనే దూరపు ఊరి నుంచి ఆవిడ కొడుకు కిరణ్ ఫోన్ చేశాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. బండి కాగితాలు అతని పేరు మీదే ఉన్నాయి.

"అంకుల్, షాప్ వాడు ఏం చెప్పాడు? అమ్మ ఫుల్ స్టోరీ చెప్పదు."

"స్ప్రింగులు పోయాయట బాబూ. డ్రైవ్ చేయడం ప్రమాదమట."

"ఓకే, దట్స్ ఇట్. నా దగ్గర బయ్యర్ ఉన్నాడు. సాటర్‌డే సెల్ చేసేస్తా."

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే సుశీల గారు మా గుమ్మంలో నిలబడ్డారు. "ఏమయ్యా విలేకరీ, మావాడికి ఏం చెప్పావు?"

"స్ప్రింగులు పోయాయట అని..."

"ఆ 'ట' తీసేసి చెప్పు."

"స్ప్రింగులు..." అని మొదలుపెట్టాను. 'పోయాయి' అన్న మాట మాత్రం బయటికి రాలేదు.

"రాదు. నువ్వు చూళ్లేదు కాబట్టి రాదు. ఆ షాపు వాడు మాత్రం బండి కిందకి వంగాడా? చివర ఒక్క అక్షరం తగిలించావు, నీ మీదికి ఏ తప్పూ రాదు. నా బండి మాత్రం రేపు పోతుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. పత్రికలో మేం 'ట' రాయం. 'అని తెలిసింది' అని రాస్తాం. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న 'ట' అది. ఎంతమంది పేర్ల పక్కన దాన్ని కూర్చోబెట్టానో లెక్కలేదు.

ఆవిడ టేపు తీసి రెండు పక్కలా నేల నుంచి బండి అంచు దాకా కొలిచారు. ఎడమ పక్క రెండంగుళాలు తక్కువ. "రోడ్డే వాలుగా ఉందేమో" అన్నాను. "ఇప్పుడు మనిషిలా మాట్లాడావు" అని బండిని వెనక్కి తిప్పి అదే చోట నిలిపారు. అప్పుడూ ఎడమే తక్కువ. ఎడమ అరలోంచి బియ్యం బస్తాలు, గ్రైండర్ దింపాం. తేడా లేదు. చివరికి పాత దుప్పటి పరిచి ఇద్దరం టార్చి లైటుతో కిందకి చూశాం. దొంతరగా పేర్చిన స్ప్రింగు పట్టీల్లో ఒక్కటీ విరగలేదు. వాటి పక్కనే, టైరుకు పట్టినట్టు గాలి పట్టే రబ్బరు సంచులు రెండున్నాయి. కుడిది బిగుతుగా ఉంది. ఎడమది వేలాడిపోయింది.

దానికి గాలి కొట్టాం. బండి లేచింది. అరగంటలో మళ్లీ కూలబడింది. ఆవిడ గిన్నెలు తోమే నిమ్మకాయ సబ్బు నీళ్లలో కలిపి, సంచి దగ్గరకు వెళ్లే సన్నటి గొట్టం పొడవునా చల్లారు. అతుకు దగ్గర బుడగ పొంగింది. గొట్టం కొస బీటలిచ్చింది. అరంగుళం ముక్క బ్లేడుతో కోసేసి, మిగిలింది మళ్లీ బిగించారు. ఈసారి బుడగ రాలేదు. గాలి కొట్టి, మధ్యాహ్నం దాకా ఆగి కొలిస్తే రెండు పక్కలా ఒకే కొలత. ఈ అరంగుళానికే ఒక మనిషి కాళ్లు విరగ్గొట్టబోయాం, షాపు వాడూ నేనూ కలిసి.

కిరణ్‌కు నేనే ఫోన్ చేశాను. "బాబూ, నిన్న నేను చూడకుండా చెప్పాను. ఇవాళ చూసి చెబుతున్నాను. స్ప్రింగులు బాగున్నాయి."

"ఆర్ యూ ష్యూర్, అంకుల్? అమ్మ డ్రైవ్ చేయొచ్చా? మీరు చెప్తే ఓకే."

ఆవిడ నా పక్కనే నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనెందుకు చెప్పాలయ్యా? కనిపెట్టింది మీ అమ్మగారు, బాగుచేసింది మీ అమ్మగారు. ఆవిణ్నే అడుగు" అని ఫోన్ ఆవిడ చేతికిచ్చి అవతలికి వెళ్లిపోయాను.

శనివారం బండి అమ్ముడుపోలేదు. సోమవారం ముగ్గురు ఆడవాళ్లు న్యూ మెక్సికో వెళ్లారు. ఆ తర్వాత కూడా ఆవిడ ఓపిక ఉన్నంత కాలం తిరుగుతూనే ఉన్నారు.

ఇక్కడి తెలుగు పత్రికకు ఇప్పటికీ రాస్తుంటాను. ఫలానా కుర్రాడు ఉద్యోగం దొరక్క తప్పుడు కాగితాలు పెట్టాడట అని ఎవరైనా అంటే, కారు తీసి ఆ కుర్రాడి ఇంటికి వెళ్తాను. ఇక బ్యాంకులోనో ఆస్పత్రిలోనో అడిగింది నా భార్య అయినా జవాబు నా ముఖం చూసి చెప్పేవాళ్లు నేటికీ ఉన్నారు. నేను తల ఊపను. వాళ్ల చూపు మా ఆవిడ వైపు తిరిగేదాకా, వెనక ఎంత పెద్ద క్యూ ఉన్నా, అలాగే నిలబడతాను.