మాన్కుబాయి లేచిన మధ్యాహ్నం

దయ్యాలనూ పూనకాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. మాది సిరిసిల్ల. మా బాపు మగ్గం నేసేవాడు. ఎవరైనా మర్రిమానుల దగ్గర ఏదో చూశామని వణుకుతూ చెప్తే, తెగిన పోగు అతుక్కుంటూనే, "కడుపు నిండినోనికి దయ్యం కనిపిస్తది. మనకు బువ్వనే కనిపిస్తది" అనేవాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఆ తర్వాత నర్సు పని నేర్చుకున్నాను. చావును అంత దగ్గర నుంచి చూసేవాళ్లకు దయ్యాల మీద భయం ఉండదు.

అయినా ఒకటి మాత్రం చెప్పాలి. నేను ఒక్కదాన్నే చూసినదైతే ఈపాటికి మర్చిపోయేదాన్ని. నాతో పాటు ఇంకా ముగ్గురు చూశారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. ఆదిలాబాద్ జిల్లాలో, ఉట్నూర్ వైపు పోయే దారిలో ఉన్న ఒక చిన్న ఊళ్లో సర్కారు దవాఖానకు నన్ను వేశారు. పెంకుటిల్లు. ఆడవాళ్లకు ఒక పొడుగాటి గది, మగవాళ్లకు ఇంకొకటి. వెనక టేకు చెట్లు. ఎండాకాలం పొద్దున్నే కిటికీలు తెరిస్తే ఇప్పపువ్వు వాసన లోపలికొచ్చి ఫినాయిలు వాసనతో కలిసిపోయేది. ఇప్పటికీ ఎక్కడైనా ఫినాయిలు వాసన వస్తే, నా ముక్కు ఆ రెండో వాసన కోసం వెతుక్కుంటుంది.

సూదులు స్టవ్వు మీద మరగబెట్టేవాళ్లం. తెల్ల చీరకు గంజి పెట్టుకుని నిప్పుల ఇస్త్రీ చేసుకునేదాన్ని. ఆయా లింగవ్వ పొద్దునపూట జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి, "తిను బిడ్డా, నువ్వు గాలికి ఎగిరిపోయేటట్టున్నవ్" అనేది. పెద్ద డాక్టరుగారు కోస్తా వైపు మనిషి. మంచివాడే. ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు ఇవే గుర్తొస్తాయి.

తిట్లు తర్వాత గుర్తొస్తాయి. అవీ తక్కువేం కాదు. నర్సంటే నలుగురు మగాళ్లను ముట్టుకునే ఆడదని చాలామంది లెక్క. మందు చేదుగా ఉంటే నన్ను తిట్టేవాళ్లు. డాక్టరు ఆలస్యమైతే నన్ను తిట్టేవాళ్లు. ఒకాయన కట్టు మారుస్తుంటే ముఖం మీద ఉమ్మేశాడు. ఇంకొకాయన చెయ్యి పట్టుకుని గుంజాడు. నేను బావి దగ్గర ముఖం కడుక్కుంటుంటే లింగవ్వ నీళ్లు తోడి పోస్తూ అంది: "తెల్లచీర కట్టినంక తిట్లు గూడ కొలువుల భాగమే అనుకో బిడ్డా. ఫికర్ చెయ్యకు."

ఆడవాళ్ల గదిలో మూల మంచం మీద మాన్కుబాయి అనే ముసలామె ఉండేది. అడవిలోపలి గూడెం నుంచి తెచ్చిన గోండు మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క పూర్తిగా పడిపోయింది. మాట పోయింది. ఆమెను పక్కకు తిప్పడం, ఒళ్లు తుడవడం, జావ తాగించడం నా పనే. జావ తాగేటప్పుడు నా ముఖం వైపే చూసేది. ఆ చూపులో ఏముందో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆమె బిడ్డ భీంబాయి వారానికోసారి అంగడి రోజున వచ్చి చూసిపోయేది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. ఓదెలు అనే మనిషి తన చెల్లెను ఎడ్లబండిలో వేసుకొచ్చాడు. పేరు రాజవ్వ. చేన్లో పాము కరిచింది. మొదట మంత్రం వేసే ఆయన దగ్గరకు తీసుకుపోయారు, అక్కడే పొద్దున్నంతా గడిచింది. మా దగ్గరకు వచ్చేసరికి ఆ పిల్ల పెదవులు నల్లబడ్డాయి. డాక్టరుగారే స్వయంగా సూది వేశారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "అన్నను పిలువు" అంది. పిలిచాను. అతను లోపలికి వచ్చేలోపే నాడి ఆగిపోయింది.

డాక్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి విషయం చెప్పారు. అతను తల వంచుకుని విన్నాడు. మగవాళ్ల గదిలో ఎవరికో ఆయాసం వస్తోందని డాక్టరుగారు అటు వెళ్లారు. నేను రాజవ్వ ముఖం మీద దుప్పటి కప్పబోయాను.

అప్పుడు వచ్చింది దెబ్బ. చెంప మీద. నేను ఇనుప మంచానికి తగిలి కింద పడ్డాను. లేచేలోపు జుట్టు పట్టుకున్నాడు.

"బండిల మాట్లాడుకుంట వచ్చింది నా చెల్లె. నువ్వు ముట్టినంకనే పాణం పోయింది. ఏం చేసినవే?"

అరవలేదు. మామూలుగా అడిగినట్టే అడిగాడు. ఇంకో చేత్తో మందుల బల్ల పక్కనున్న కర్రస్టూలు ఎత్తాడు. గుమ్మంలో లింగవ్వ, ఆమె వెనక కంపౌండరు. ఇద్దరూ కదల్లేకపోయారు. సూది వేసిన డాక్టరు ముందు తల వంచిన మనిషి నా మీద స్టూలు ఎత్తాడేమిటని ఆ క్షణంలోనే అనుకున్నాను. అది మాత్రం బాగా గుర్తుంది.

"గిజిగా."

ఎవరో పిలిచారు. మెల్లగా, అలవాటైన గొంతుతో.

"గిజిగా, చెయ్యి దించు. నువ్వు గూడ మీ బాపు లెక్కనే అయితివా?"

మాన్కుబాయి నిలబడి ఉంది. తన మంచం దగ్గర కాదు, నాకూ అతనికీ మధ్యన. ఆమె ఒంటి మీది దుప్పటి మూల మంచం నుంచి నేల మీద జీరాడుతూ వచ్చింది. పడిపోయిన ఆ కుడిచెయ్యే అతని మణికట్టు మీద ఉంది.

అతని చేతిలోంచి స్టూలు జారింది. "అవ్వా" అన్నాడు, కన్నతల్లిని పిలిచినట్టు. అంతే, కూలబడిపోయాడు. అంత పెద్ద మనిషి నేల మీద ముడుచుకుని, పిల్లవాడిలా ఏడ్చాడు.

నేను లేచేసరికి మాన్కుబాయి ఒరిగిపోతోంది. లింగవ్వా నేనూ పట్టుకున్నాం. మంచం మీద పడుకోబెట్టేటప్పుడు ఆ కుడికాలు ఎప్పటిలాగే, తడిబట్టలా వేలాడింది. డాక్టరుగారు పరుగున వచ్చి అరికాల్లో సూదితో గుచ్చి చూశారు. కదలిక లేదు.

తర్వాత బయట అరుగు మీద కూర్చుని ఓదెలు లింగవ్వతో చెప్పిన మాటలు నేను కిటికీలోంచి విన్నాను.

"పిట్టగూళ్ల కోసం చెట్లెక్కుతుంటినని మా అవ్వ నన్ను గట్ల పిలిచేది. ఆమె తప్ప ఎవ్వలు పిలువలే. నా చెల్లెకు గూడ తెల్వది గా పేరు. అవ్వ పోయిననాడు అది పాలు తాగే పిల్ల." ముఖం తుడుచుకున్నాడు. "మా బాపు అవ్వను బాగ కొట్టేటోడు. ఎవ్వలు అడ్డం రాకపోయేది. నేను గింజలు పెట్టే గడంచె కింద దాసుకునేటోన్ని."

చీకటి పడకముందే చెల్లె శవాన్ని బండిలో వేసుకుని వెళ్లిపోయాడు.

నేను ఉద్యోగం మానేసి సిరిసిల్ల పోతానని డాక్టరుగారితో చెప్పాను. పోలీసు పటేలుకు చెప్పమని కూడా అడిగాను. "పోనివ్వమ్మా, చెల్లెలు పోయిన దుఃఖంలో ఉన్నాడు. కేసులూ అవీ వద్దు" అన్నారాయన. నా చెంప అప్పటికి వాచి, కన్ను సగం మూసుకుపోయింది. నాకు దుఃఖం ఉంటుందేమోనని ఆయనకు తోచలేదు.

మరి మాన్కుబాయి సంగతేమిటని అడిగాను. భయంలో నరాలకు ఒక్కోసారి ఎక్కడలేని బలం వస్తుందన్నారు. తెలుగు మాటలు దవాఖానలో వినీ వినీ పట్టుబడి ఉంటాయన్నారు. ఆ పేరు ఎలా తెలిసిందని అడిగితే కళ్లద్దాలు తుడుచుకున్నారు.

అంగడి రోజున భీంబాయి వస్తే ఆమెనూ అడిగాను.

"అమ్మకు తెలుగు ఎక్కడొస్తది బాయీ? గూడెం దాటి రాలే ఎన్నడు" అంది. తల్లి చెవి దగ్గర వంగి తమ భాషలో ఏదో అడిగింది. మాన్కుబాయి పైకప్పు చూస్తూ ఉండిపోయింది.

నేను వెళ్లలేదు. ఆమెను పక్కకు తిప్పేవాళ్లు ఎవరున్నారనిపించింది.

కొన్ని వారాలకు ఓదెలు మళ్లీ వచ్చాడు. గుమ్మంలో అతన్ని చూడగానే చేతిలో గిన్నె పక్కన పెట్టి గోడవారకు జరిగాను. అతను నా పక్కనుంచే నడిచి మూల మంచం దగ్గరకు పోయి నేల మీద కూర్చున్నాడు. పాత రుమాలులో ఇప్పపువ్వు మూటగట్టి తెచ్చాడు. అది ఆమె దిండు పక్కన పెట్టాడు.

"ఒక్కపారి పిలువవ్వా" అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. గోడను చూసినట్టే చూసింది.

ఆ ఎండాకాలమంతా వస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ అదే మాట అడిగేవాడు. ఎదురుచూసి, పొద్దు వాలుతుంటే లేచి పోయేవాడు. వానలు మొదలయ్యాక మాన్కుబాయి నిద్రలోనే పోయింది. గూడెం వాళ్లు బండిలో తీసుకుపోతుంటే, అతను బురదలో చెప్పులు చేతబట్టుకుని అడవి మొదలయ్యేదాకా వెనక నడిచాడట. లింగవ్వ చెప్పింది.

అన్నిసార్లు వచ్చినవాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తప్పైందని అనలేదు. నా ముఖం వైపు చూడనే లేదు.

నేను ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. జమ్మికుంటలో చేశాను, కరీంనగర్‌లో చేశాను. అక్కడా చెయ్యెత్తినవాళ్లు ఉన్నారు. గుమ్మంలో నిలబడి చూసినవాళ్లు ఉన్నారు. దుఃఖంలో ఉన్నారు పోనివ్వమని చెప్పిన పెద్దమనుషులూ ఉన్నారు. అడ్డం వచ్చినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

కాళ్లు చేతులు బాగున్నవాళ్లు ఎవరూ లేవని చోట, ఆ మనిషి ఎలా లేచింది? ఎవరి గొంతుతో మాట్లాడింది? ఓదెలు తన తల్లి వచ్చిందనుకున్నాడు. అతని కోసం వచ్చిందనే అనుకున్నాడు. నాకేమో, రోజూ జావ తాగుతూ నా ముఖం వైపు చూసిన ఆ చూపే గుర్తొచ్చి, లేచింది నా కోసమేమో అనిపిస్తుంది. రెండింటిలో ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.