లాయ్ గారి కవల నంబర్లు

లాయ్ గారికి అంకె ఒంటరిగా కనబడేది కాదు, కులగోత్రాలతో సహా కనబడేది. తైవాన్ తూర్పు తీరంలో మా ఊరి టెలిఫోన్ ఆఫీసులో పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. కొత్త నంబర్లు ఇచ్చేది ఆయనే. ఇచ్చి ఊరుకుంటే ఆయన లాయ్ గారెందుకవుతారు?

"43120. సమృద్ధ సంఖ్యండీ," అన్నారొకసారి మాంసం కొట్టు హుంగ్‌తో. "ఇది కాక దీన్ని భాగించే అంకెలన్నీ కూడితే దీనికి దాదాపు రెండింతలు."

"సంతోషం సార్. అక్కడ కొట్లో మాంసం మీద ఈగలు ముసురుతున్నాయి, కాగితం ఇస్తే పోతాను."

తరవాతి నంబరు బడిపంతులు గారికి వచ్చింది. "43121. ఇది న్యూన సంఖ్య మాస్టారూ. భాజకాలన్నీ కలిపినా దీనంత కావు."

"నా జీతం సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడాయన.

వరస వీధిలోకి పాకేది. "ఇంకొక్క నంబరు జాతకం చెప్పారంటే మిమ్మల్ని టెలిఫోన్ స్తంభాల గోదాముకి పంపిస్తా," అని మేనేజరు వారానికోసారి బెదిరించేవాడు.

అలాంటి రోజుల్లో కాన్ అవ్వ వచ్చింది. ఏటి ఒడ్డున ఒక్కతే ఉంటుంది. పెరట్లో జారి పడ్డాక ఇరుగుపొరుగు పట్టుబట్టి ఫోన్ పెట్టిస్తున్నారు. ఆమె వంతుకి 44279 వచ్చింది. మా మాటలో నాలుగన్నా, చావన్నా ఇంచుమించు ఒకటే పలుకు.

"ఈ వయసులో రెండు చావుల్ని తెచ్చి ఇంట్లో పెట్టుకోమంటావా నాయనా?"

"పెద్దమ్మా, ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, ఇదీ తప్ప దీన్ని ఏదీ భాగించలేదు."

"అంటే నాలాగే. దిక్కూ మొక్కూ లేనిదన్నమాట."

లాయ్ గారు గబగబా రిజిస్టరు తిరగేశారు. తలెత్తి, "ఒంటిది కాదు పెద్దమ్మా. రెండంకెల అవతల దీని కవల ఉంది. 44281. అదీ ప్రధాన సంఖ్యే. కొండవాలు వీధి యౌ అవ్వది. పలకరించేవాళ్లు లేక కూచుంది," అన్నారు.

కాన్ అవ్వ కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

నేను రిజిస్టరులోకి తొంగి చూశాను. 44281 ఎదురుగా ఖాళీ. యౌ అవ్వ దరఖాస్తు ఇంకా కట్టలో అట్టడుగున ఉంది. దాన్ని పైకి లాగుతూ లాయ్ గారు నావైపు చూడలేదు. మర్నాడు యౌ అవ్వతో మాత్రం, "మీ కవల మీ గురించే అడుగుతోందమ్మా," అన్నారు.

ఆయన అన్నేళ్లూ కవల నంబర్లని ఎవరెవరికి ఇచ్చారో అప్పుడు వెనక్కి తిరగేసి చూశాను. అన్నీ ఒంటరివాళ్ల గడపలే.

నెల తిరక్కుండా కాన్ అవ్వ మళ్లీ ప్రత్యక్షమైంది. నంబరు వెనక్కిస్తుందని భయపడ్డాం.

"ఆ యౌ ముసల్ది రోజూ నన్నే ముందు ఫోన్ చెయ్యమంటోంది. తన నంబరు రెండు పెద్దదట, చిన్నదే ముందు పలకరించాలట. వయసులో నేను మూడేళ్లు పెద్ద. తీర్పు చెప్పు."

"బేసి తేదీల్లో మీరు, సరి తేదీల్లో ఆవిడ," అన్నారు లాయ్ గారు క్షణంలో.

అవ్వ వేళ్లు మడిచింది. "ముప్పై ఒకటిన నేనే. మర్నాడు ఒకటో తారీకూ నేనేనా?"

లాయ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిజమే పెద్దమ్మా. లెక్క తప్పాను."

"పోన్లే, దిద్దకు," అంది అవ్వ లేస్తూ. "ఆ రెండ్రోజులూ నేనే చేస్తాలే."